కాపురం ముగిసినా కిస్తీ ముగియదు
విడాకులు, ఉమ్మడి ఇంటి అప్పు, పరపతి: ఒక సమీక్ష

ఇద్దరి పేరు మీద ఇంటి అప్పు తీసుకున్న భార్యాభర్తలు విడిపోతే ఆ అప్పు ఎవరిదవుతుంది? మన దేశంలో ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఫ్యామిలీ కోర్టు ఒకటి చెబుతుంది, బ్యాంకు ఇంకొకటి చెబుతుంది. ‘ఇకమీదట వాయిదాలన్నీ భర్తే కడతాడు’ అని రాజీపత్రంలో రాసుకుంటారు, అది డిక్రీలో కూడా చేరుతుంది. తర్వాత అతను కట్టడం మానేస్తే బ్యాంకు నోటీసు ఇద్దరికీ వస్తుంది. వాయిదా తప్పిన ప్రతి నెలా ఇద్దరి సిబిల్ నివేదికల్లోనూ పడుతుంది. వేరే ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటూ, ఆ ఇంటి గడప తొక్కి ఏళ్లయిన మనిషికి బిడ్డ చదువు లోను దొరక్కుండా పోవచ్చు.

దీని మీద న్యాయవాదులు, బ్యాంకర్లు, మహిళా హక్కుల కార్యకర్తలు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఏది చట్టం, ఏది బ్యాంకు ఆనవాయితీ, ఏది ఇంకా రాని సంస్కరణ మీద ఆశ అన్నది కలగలిసిపోయింది. వాటిని విడదీసి చూడటానికి దక్షిణ బస్తర్‌లోని సుక్మాను ఎంచుకోవడానికి కారణం ఉంది. పట్నాల్లో రెండు పాయలుగా కనిపించే ఈ చిక్కు అక్కడ నాలుగైదు పాయలుగా ఉంటుంది.

సుక్మా నుంచి చూస్తే

సుక్మా 2012లో దంతెవాడ నుంచి విడివడి జిల్లా అయింది. దాని దక్షిణ కొన కోంటా. శబరికి అవతల ఒడిశాలోని మల్కన్‌గిరి, దిగువన ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, ఆ తర్వాత తెలంగాణలోని భద్రాచలం. జగదల్‌పూర్ నుంచి సుక్మా, దోర్నాపాల్, కోంటా మీదుగా వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి వీటిని కలుపుతుంది. కోంటా వైపు తెలుగు వ్యవహారం మామూలే. చుట్టరికాలు, వ్యాపారాలు, ఆసుపత్రి పనులు రాష్ట్రాల హద్దులు దాటే సాగుతాయి.

ఇలాంటి చోట ఉద్యోగం చేసే ఒక తెలుగు జంటను ఊహించండి. భార్య టీచరు, భర్త మరో ప్రభుత్వ శాఖలో ఉద్యోగి. జీతం ఖాతాలు ఛత్తీస్‌గఢ్‌లో, లోను జగదల్‌పూర్ బ్రాంచిలో, కొన్న ఇల్లు ఖమ్మంలో. విడిపోతే కేసు ఎక్కడ? హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన చోటో, చివరిగా కలిసి ఉన్న చోటో, ఎదుటి పక్షం ఉంటున్న చోటో వేయవచ్చు. 2003 సవరణ తర్వాత భార్య తాను ఉంటున్న చోట కూడా వేయవచ్చు. అంటే కోర్టు ఒక రాష్ట్రంలో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మరో రాష్ట్రంలో, బ్యాంకు ఇంకో చోట. ఒకరి వాటా రెండోవారికి మార్చే దస్తావేజుకు ఖమ్మం వెళ్లాలి, దానికి కావాల్సిన ఎన్‌ఓసీ కోసం జగదల్‌పూర్ వెళ్లాలి, ఆ మాట రాజీపత్రంలో రాయించడానికి కోర్టున్న ఊరికి వెళ్లాలి.

దీనికి భూమి చట్టాలు తోడవుతాయి. సుక్మా, చింతూరు, భద్రాచలం అన్నీ ఐదో షెడ్యూలు ప్రాంతాలే. ఛత్తీస్‌గఢ్ భూ రెవెన్యూ కోడ్ 165వ సెక్షన్ ఈ ప్రాంతాల్లో ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుల చేతికి పోకుండా అడ్డుకుంటుంది. తెలుగు రాష్ట్రాల ఏజెన్సీలో 1/70గా పేరుపడ్డ నిబంధన ఇంకా కఠినం. అక్కడ గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడానికి కూడా వీల్లేదు. ఆ కట్టడి న్యాయమైనదేనని 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అటవీ ప్రాంత భూములు ఎలా చేజారాయో తెలిసినవారెవరూ ఆ రక్షణను తప్పుపట్టరు. అయితే దాని ప్రభావం ఇంటి అప్పు మీద కూడా ఉంటుంది. వేలంలో కొనగలవారు తక్కువ కనుక ఇలాంటి స్థలం మీద లోనివ్వడానికి బ్యాంకు వెనకాడుతుంది. భార్య కోయ, భర్త గిరిజనేతరుడు అయిన జంటలో ఆమె పేరున ఏజెన్సీ స్థలం ఉంటే, విడాకుల సర్దుబాటులో ఆ స్థలాన్ని భర్తకు రాసివ్వడం చెల్లదు. ‘ఇల్లు నీకు, అప్పు నీకు’ అనే తేలికైన పంపకం అక్కడ మొదలే కాదు.

రెండు చట్టాలు, కలవని దారులు

ఇంటి అప్పుల్లో ఆలుమగల పేర్లు కలిసి రావడానికి ప్రోత్సాహాలు చాలా ఉన్నాయి. ఇద్దరి జీతాలు చూపిస్తే ఎక్కువ మొత్తం మంజూరవుతుంది. ఆడవారి పేరు ఉంటే అనేక సంస్థలు వడ్డీ కొంచెం తగ్గిస్తాయి. పాత పన్ను విధానంలో, సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మీద ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా మినహాయింపు ఉంది. ఇద్దరూ యజమానులై, ఇద్దరూ అప్పు కడుతుంటే చెరొకరూ తీసుకోవచ్చు. 2015లో వచ్చిన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన, తక్కువ ఆదాయ వర్గాల ఇళ్లు మహిళ పేరునో ఉమ్మడిగానో ఉండాలని షరతు పెట్టింది. స్త్రీకి ఆస్తిలో చోటివ్వాలన్న మంచి ఉద్దేశం అందులో ఉంది. ఆస్తిలో చోటుతో పాటు అప్పులో కూడా చోటు వస్తుందన్న సంగతి అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక తేడాను బాగా గుర్తించాలి. ఇంటి యజమానులందరూ అప్పులో చేరాలని బ్యాంకులు సాధారణంగా పట్టుబడతాయి. కానీ అప్పులో చేరిన ప్రతి ఒక్కరూ యజమాని కానక్కర్లేదు. ఇల్లు ఒక్క భర్త పేరునే ఉండి, భార్య జీతం చూపించడానికి మాత్రమే సంతకం చేసిన సందర్భంలో ఆమెకు దక్కేది బాకీ ఒక్కటే. ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆమె లాంటివారే.

అప్పు వైపు చట్టాలు వేగంగా బిగుసుకున్నాయి. 2000లో సిబిల్ ఏర్పడింది. 2002లో సర్ఫేసీ చట్టం వచ్చి, కోర్టు మెట్లెక్కకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు దక్కింది. 2005లో క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం వచ్చింది. ఇప్పుడు సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు మన పరపతి లెక్కలు ఉంచుతున్నాయి.

కుటుంబ చట్టం మరో దారిలో నడిచింది. పరస్పర అంగీకారంతో విడాకులిచ్చే 13బి సెక్షన్ 1976లో వచ్చింది. భార్యాభర్తల ఆస్తి తగాదాలు వినే అధికారం 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ఇచ్చింది. కానీ అప్పిచ్చిన బ్యాంకు ఆ కేసులో కక్షిదారు కాదు. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ పెళ్లి సమయంలో ఉమ్మడిగా వచ్చిన వస్తువుల గురించి చెబుతుంది గాని, పదేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి కొన్న ఫ్లాటు గురించి, దాని బాకీ గురించి చెప్పదు. బ్యాంకు చట్టాలు రాసినవారు విడాకులను లెక్కలోకి తీసుకోలేదు. విడాకుల చట్టం రాసిన నాటికి ఇరవై ఏళ్ల ఈఎంఐ మధ్యతరగతి జీవితంలోకి ఇంకా రాలేదు.

మచ్చ ఎలా పడుతుంది

1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ అన్నిటికీ మూలం. కలిసి మాటిచ్చిన ఇద్దరిలో ఎవరినైనా మొత్తం బాకీ కట్టమని అప్పిచ్చినవాడు అడగవచ్చు. కట్టినవారు రెండోవారి వాటాను తర్వాత రాబట్టుకోవచ్చు. సగం సంతకం, సగం బాకీ అనేది లేదు.

వాయిదా తప్పిన రోజు నుంచే బ్యాంకు ఆ ఖాతాను ప్రత్యేక నిఘాలో పెడుతుంది. 30 రోజులు, 60 రోజులు దాటినకొద్దీ వర్గం మారుతుంది, 90 రోజులు దాటితే మొండి బకాయి అవుతుంది. తర్వాత సర్ఫేసీ కింద 60 రోజుల గడువు నోటీసు. 2025 జనవరి నుంచి బ్యాంకులు ఈ సమాచారాన్ని నెలకొకసారి కాక పక్షానికొకసారి పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 300 నుంచి 900 మధ్య ఉండే స్కోరు అందుకు తగ్గట్టు వేగంగా పడుతుంది. సిబిల్ నివేదికలో 36 నెలల చెల్లింపు చరిత్ర, ఏ నెల ఎన్ని రోజులు ఆలస్యమైందో సహా కనిపిస్తుంది.

వాయిదాలు సక్రమంగా కడుతున్నా నష్టం ఉందన్న మాట చాలామందికి తట్టదు. ఉమ్మడి లోను మొత్తం ఇద్దరి ఖాతాల్లోనూ పూర్తిగా కనిపిస్తుంది. విడిపోయిన భార్య తనకోసం చిన్న ఇల్లు కొనుక్కోవాలనుకుంటే, పాత ఈఎంఐ అంతా ఆమె జీతం మీదే ఉన్నట్టు లెక్కవేసి కొత్త బ్యాంకు అర్హత తగ్గిస్తుంది. ఇక మాజీ భర్త బ్యాంకుతో బేరమాడి తక్కువ మొత్తానికి ఒకేసారి తీర్చేస్తే, ‘సెటిల్డ్’ అనే ముద్ర ఇద్దరికీ పడుతుంది. కొత్తగా అప్పిచ్చేవారి కళ్లకు అది దాదాపు ఎగవేతే.

తప్పుడు సమాచారం నమోదైతే దిద్దించుకునే హక్కు బలపడింది. ఏడాదికొకసారి ప్రతి సంస్థ నుంచి పూర్తి నివేదిక ఉచితం. ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు చెప్పింది. 2022 నుంచి ఈ సంస్థలు అంబుడ్స్‌మన్ పరిధిలోకీ వచ్చాయి. ఇవన్నీ మంచివే. అయితే విడాకుల కేసులో నమోదైన సమాచారం తప్పు కాదు. వాయిదా నిజంగానే తప్పింది, ఆమె నిజంగానే సంతకం చేసింది. అందుకే ఇన్ని హక్కులున్నా ఆమెకు ఒక్కటీ అక్కరకు రాదు.

వాదాలు

బ్యాంకుల వాదం సూటిగా ఉంటుంది. ఇద్దరి జీతాలు చూసి అప్పిచ్చాం, ఒకరిని వదిలేస్తే మా భద్రత సగమవుతుంది. అది డిపాజిటర్ల సొమ్ము. విడాకుల పేరుతో ఒకరిని తప్పించే వీలుంటే, ఉత్తుత్తి విడాకులతో బాకీ ఎగ్గొట్టే దారి తెరుచుకుంటుంది. ఈ వాదాన్ని స్వార్థమని కొట్టిపారేయడం న్యాయం కాదు. కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ పాత ఒప్పందం స్థానంలో కొత్తది రాసుకునే వీలు ఇస్తూనే ఉంది, కాకపోతే అందరూ ఒప్పుకోవాలి. ఉండిపోయేవారి ఒక్క జీతం సరిపోతే బ్యాంకు కో-అప్లికెంటును తప్పిస్తుంది, లేదా తండ్రినో అన్ననో కొత్తగా చేర్చుకుంటుంది. సరిపోకపోతే తప్పించదు.

రెండో వాదం కుటుంబ న్యాయవాదులది. భరణం, పిల్లలు, ఆస్తి అన్నీ తేల్చే కోర్టు అప్పును మాత్రం ఇద్దరి మెడకూ వదిలేస్తే అది సగం తీర్పేనంటారు. 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులతో పాటు అప్పులను కూడా అఫిడవిట్లో చూపాలని ఆదేశించింది. అంటే అప్పు చిట్టా కోర్టు ముందుంటుంది. దాన్ని బ్యాంకు మీద పనిచేసే ఆదేశంగా మార్చే అధికారం మాత్రం లేదు.

మహిళా హక్కుల వైపు నుంచి వచ్చే మూడో వాదం ఇంకా లోతుకు పోతుంది. గోవాలో పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ ప్రకారం ఆలుమగల ఆస్తి ఉమ్మడి. మిగతా దేశంలో ఎవరి పేరునున్నది వారిదే. ఆస్తిలో వాటా లేని చోట అప్పు పంపకం గురించి మాట్లాడటమే అన్యాయమని వీరంటారు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే వివాహ చట్టాల సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటింది. పురుష హక్కుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. 2014లో లోక్‌సభ రద్దుతో ఆ బిల్లు మురిగిపోయింది. ఆ చర్చంతా ఆస్తి చుట్టూనే తిరిగింది. బాకీల ఊసు పెద్దగా రాలేదు. నా దృష్టిలో అది పెద్ద లోటు. అప్పు తీరని ఇంట్లో వాటా అంటే అప్పులో కూడా వాటాయే.

నాలుగోది వాడుకలో పుట్టినది: ఇల్లు అమ్మేయండి, లోను కట్టేయండి, మిగిలింది పంచుకోండి. పరపతి కాపాడుకోవడానికి ఇంతకంటే శుభ్రమైన దారి లేదు. కానీ పిల్లల బడి ఆ వీధిలోనే ఉంటే, ఇంటి విలువ కంటే బాకీ ఎక్కువుంటే, ఒకరు అమ్మకానికి సంతకం పెట్టనంటే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది.

బయట ఏం చేశారు

అమెరికాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్, కాలిఫోర్నియా రెండూ వివాహకాలపు సంపాదనను ఉమ్మడి ఆస్తిగా చూసే రాష్ట్రాలే. అక్కడ కూడా విడాకుల డిక్రీ బ్యాంకును కట్టిపడేయదు. అయితే 1982 నాటి గార్న్-సెయింట్ జర్మెయిన్ చట్టం ప్రకారం, విడాకుల వల్ల ఇల్లు ఒకరికి మారిందన్న సాకుతో బ్యాంకు మొత్తం బాకీ వెంటనే కట్టమనకూడదు. ఇల్లు దక్కినవారికి ఊరట అది. వదులుకున్నవారి సంతకం మాత్రం అప్పు మీద అలాగే ఉంటుంది. బ్రిటన్‌లో ఉమ్మడి ఖాతాలన్నీ మూశాక, ‘మా ఆర్థిక సంబంధం తెగింది’ అని పరపతి సంస్థలకు చెప్పి మాజీ భాగస్వామి నీడ తొలగించుకోవచ్చు. ఉమ్మడి ఇంటి అప్పు నడుస్తుండగా అది కుదరదు.

అందరికంటే ముందుకెళ్లింది ఆస్ట్రేలియా. 1975 నాటి కుటుంబ చట్టంలో 90ఏఈ సెక్షన్ చేర్చి, 2004 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. ఇద్దరి పేరనున్న బాకీని ఒకరి పేరుకు మార్చమని అప్పిచ్చినవారినే కోర్టు ఆదేశించవచ్చు. దానికి గట్టి షరతు ఉంది: అలా మార్చడం వల్ల బాకీ పూర్తిగా తీరకుండా పోయే సూచన ఉంటే ఆ ఆదేశం ఇవ్వకూడదు. అప్పిచ్చినవారి వాదన వినకుండా కూడా ఇవ్వకూడదు. పన్ను బకాయిల విషయంలో ప్రభుత్వం కూడా ఈ సెక్షన్ పరిధిలోకి రాగలదని 2018లో అక్కడి హైకోర్టు, అంటే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, టొమారాస్ కేసులో చెప్పింది.

పోల్చి చూస్తే, అమెరికా ఇల్లు దక్కినవారిని కాపాడుతుంది. బ్రిటన్ అప్పు తీరిన తర్వాత చరిత్రను విడదీస్తుంది. అప్పు నడుస్తుండగానే బాధ్యతను విడదీయగలిగేది ఆస్ట్రేలియా. మనం ఈ మూడింటిలో ఏ మెట్టు మీదా లేం.

పంచాయితీ విడాకులు, కాగితం అడిగే బ్యాంకు

సుక్మా వంటి చోట దీనికి మరో పొర ఉంది. హిందూ వివాహ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కోయ, దొర్ల, గోండు కుటుంబాల్లో పెళ్లి, తెగతెంపులు ఆచారం ప్రకారం, ఊరి పెద్దల సమక్షంలో జరుగుతాయి. అది చట్టం గౌరవించే విధానమే. కానీ వివాదం వస్తే ఆ ఆచారం ఉందని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలి. ఆచార విడాకుల విషయంలో 2005లో సుబ్రమణి వర్సెస్ చంద్రలేఖ తీర్పు ఈ సూత్రాన్నే స్థిరపరిచింది.

చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చిన తొలి తరం ఆదివాసీ జంటలు ఇప్పుడు జీతం మీద ఇంటి అప్పులు తీసుకుంటున్నారు. పెద్దల ముందు విడిపోయిన జంట దగ్గర డిక్రీ ఉండదు. కో-అప్లికెంటును తప్పించమని వెళితే బ్యాంకు అడిగే మొదటి కాగితం అదే. ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద తమ వైవాహిక స్థితిని ప్రకటించమని దావా వేసుకోవచ్చు. ఆ దారి ఉందని ఈ జంటలకు చెప్పేవారు, నడిపించేవారు దగ్గర్లో ఉండాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు చేపట్టదగిన పని ఇది.

తేలని ప్రశ్నలు

ఈఎంఐ కట్టడాన్ని భరణంలో భాగంగా లెక్కించవచ్చా? ఇష్టపూర్వకంగా తీసుకున్న అప్పు వాయిదాలను ఆదాయంలోంచి తీసేసి భరణం తగ్గించడానికి పలు హైకోర్టులు ఒప్పుకోలేదు. కానీ భార్యాపిల్లలు ఉంటున్న ఇంటి ఈఎంఐ సంగతి వేరని, అది వారి నీడకే ఖర్చవుతోందని భర్తల వైపు వాదన. ఇందులో బలముంది. ఒక్కో కోర్టు ఒక్కో తీరున చూస్తోంది.

కట్టినవారిదా, పేరున్నవారిదా ఇల్లు? వాయిదాలన్నీ తానే కట్టానని భర్త ఉమ్మడి ఇంటిని పూర్తిగా తనదనలేడని 2025లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లి స్థిరపడితే తప్ప ఇది అంతటా ఒకేలా అమలవదు.

కావాలని వాయిదా ఎగ్గొట్టి ఎదుటివారి స్కోరును దెబ్బతీయడం హింసేనా? 2005 నాటి గృహహింస చట్టం ఆర్థిక హింసను గుర్తించింది. ఉమ్మడి నివాసాన్ని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా ఆపే అధికారం మేజిస్ట్రేటుకు ఇచ్చింది. 2020లో సతీశ్ చందర్ అహూజా తీర్పు ఆ నివాస హక్కును విశాలం చేసింది. ఆ హక్కు భర్త మీద, అత్తింటివారి మీద పనిచేస్తుంది. వేలానికి వచ్చిన బ్యాంకు ముందు ఎంతవరకు నిలుస్తుందన్నది సందేహమే. పరపతికి కలిగిన నష్టానికి వెలకట్టే పద్ధతి ఇంకా ఏర్పడలేదు.

ఏ వాదం నిలుస్తుంది

ఈ నాలుగు వాదాల్లో ఏదీ ఒంటరిగా సరిపోదు. బ్యాంకు భద్రత నిజం, ఇల్లు లేకుండా బాకీ మోస్తున్న స్త్రీ కష్టమూ నిజం. ఆస్ట్రేలియా పద్ధతి ఈ రెంటినీ ఒకే సెక్షన్లో పెట్టగలిగింది. మన ఫ్యామిలీ కోర్టులకు కూడా అటువంటి పరిమిత అధికారం ఇవ్వాలి: బ్యాంకును పిలిచి, విని, బాకీ తీరుతుందన్న నమ్మకం కలిగితేనే ఒకరిని తప్పించే అధికారం. దానికి పార్లమెంటు పూనుకోవాలి. అంతకంటే తేలికైనది రిజర్వు బ్యాంకు చేతిలోనే ఉంది. డిక్రీతో వచ్చిన దరఖాస్తును ఇన్ని రోజుల్లో తేల్చాలని, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని, ఒక వాయిదా తప్పగానే సహ రుణగ్రహీతకు విడిగా కబురు పెట్టాలని ఆదేశిస్తే చాలు, ఎన్నో స్కోర్లు నిలబడతాయి.

అది వచ్చేదాకా, విడిపోతున్న దంపతులు వరుస మార్చుకోవాలి. 13బి కింద మొదటి మోషన్‌కు, రెండో మోషన్‌కు మధ్య ఆరు నెలల వ్యవధి ఉంటుంది. 2017లో అమర్‌దీప్ సింగ్ తీర్పు ఆ వ్యవధిని మాఫీ చేసే వీలిచ్చింది, కానీ అన్ని విషయాలూ నిజంగా తేలిపోయి ఉండాలని షరతు పెట్టింది. లోను తేలనిదే అన్నీ తేలినట్టు కాదని న్యాయవాదులు తమ కక్షిదారులకు చెప్పాలి. ఆ ఆరు నెలల్లోనే లోను ఒకరి పేరు మీదికి మార్పించుకోండి, లేదా వేరే బ్యాంకుకు బదిలీ చేయించుకోండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012 నుంచే నియమం ఉంది. లోను మారిన వెంటనే హక్కు విడుదల దస్తావేజును రిజిస్టరు చేయించండి. ఇల్లు ఏజెన్సీలో ఉంటే, ఆ దస్తావేజు చెల్లుతుందో లేదో రాజీపత్రం రాయకముందే కనుక్కోండి. బ్యాంకు ఒప్పుకోకపోతే, వాయిదా తప్పితే ఏ ఖాతా నుంచి ఎంత పరిహారం రాబట్టాలో, ఎన్ని నెలలు తప్పితే ఇల్లు అమ్మాలో రాజీపత్రంలోనే రాయించండి. లోను ఖాతా వివరాలు చూసుకునే వీలు ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. ఎవరు కట్టాలన్న తగాదా తేలేదాకా ఎవరో ఒకరు కట్టండి, రసీదు దాచుకోండి. కట్టిన సొమ్మును 43వ సెక్షన్ కింద తర్వాత రాబట్టుకోవచ్చు. తప్పిన వాయిదాను నివేదికలోంచి చెరిపించే సెక్షన్ ఏదీ లేదు. రెండో మోషన్ కాగితాల మీద సంతకం పెట్టే ముందు, బ్యాంకు ఇచ్చిన మార్పు పత్రం మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి.